కలలు అడగబోతున్న మనవరాలికి

బిడ్డా,

ఈ ఎండాకాలం మన పాలమూరు ఊళ్లు తిరిగి, ఆడవాళ్ల కలలు రాసుకొని, వాటికి అర్థాలు చెబుతానని నువ్వు అన్నట్టు మీ అమ్మ ఫోనులో చెప్పింది. వినగానే గుండె నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పేర్లు రాయవద్దు. పొద్దెక్కితే కల చెదిరిపోతుంది కనుక తెల్లవారగానే అడుగు. ఇవి నీకు తెలిసినవే.

1976లో అచ్చంపేట దగ్గరి ఒక పల్లెలో పంతులుగా ఉండేవాడిని. వానలు లేక మగవాళ్లు బొంబాయికి మట్టిపనికి పోయేవారు. వాళ్లు పంపే ఉత్తరాలు చదివిపెట్టేది నేనే కనుక, కలల ఫలం కూడా నన్నే అడిగేవారు. ఒకనాడు ఒకామె కొంగు చెంపకు అదుముకొని వచ్చి, పళ్లన్నీ ఊడి అరచేతిలో పడ్డట్టు కల వచ్చిందని చెప్పింది. నేను స్వప్నఫలాల పుస్తకం తెరిచి, దగ్గరివారికి గండమని ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె మారుమాట లేకుండా లేచిపోయి, మధ్యాహ్నానికల్లా కాళ్ల కడియాలు కుదువపెట్టి, తమ్ముణ్ని బొంబాయికి పంపింది. అతను తిరిగి వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. పెనిమిటి క్షేమంగానే ఉన్నాడు. ఆ కడియాలు మాత్రం మళ్లీ ఆమె కాళ్లకు రాలేదు. నెల రోజులుగా ఆమెకు దవడ పన్ను సలుపుతున్నదని తరువాత తెలిసింది. వాచిన చెంపను కళ్లారా చూసి కూడా, పన్ను నొస్తున్నదా తల్లీ అని నేను అడగలేదు. బిడ్డా, ఆ ఒక్క మాట అడగనందుకు ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

చరకసంహిత కలలను ఏడు రకాలుగా చెప్పి, చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి అనే ఐదింటికీ ఫలం లేదన్నది. ఒంట్లో దోషం వల్ల పుట్టే కలలను వేరే రకంగా లెక్కపెట్టింది. పళ్లు ఊడే కలలకు మనసులోని దిగులుతో కాక, నిద్రలేచేసరికి పళ్లలో, దవడలో ఉండే బిగువుతో సంబంధం కనబడిందని 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రకటించారు. అది చదివిన రోజు నాకు ఆ చెంపే కళ్లముందు కదలాడింది.

తెల్లవారుజాము కల నిజమవుతుందని ఎవరైనా భయపడితే నెమ్మదిగా వివరించు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు గుర్తించిన, కనుగుడ్లు వేగంగా కదిలే, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర సుమారు 90 నిమిషాలకొకసారి వస్తూ, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. అందుకే చివరి కల గట్టిగా గుర్తుంటుంది. గుండెల మీద దయ్యం కూర్చున్నదనే వారికి, ఆ నిద్రలో ఒళ్లు కదలకుండా ఉంటుందని, తెలివి ముందుగా వస్తే అలా అనిపిస్తుందని చెప్పు. పాము కలకు అర్థం వెతకవద్దు. చెలకలో కలుపు తీసే మనిషికి పాము పగలే కనబడుతుంది.

అర్థం చెప్పే ముందు మాత్రం, ఒంట్లో ఎక్కడ నొస్తున్నదో, ఎవరి రాక కోసం ఎదురుచూస్తున్నదో తప్పకుండా అడుగు. ఇంటివాడు దుబాయిలోనో పుణెలోనో ఉన్న ఆమె ముందు చావు అనే మాట ఎత్తనే ఎత్తకు. ఇందులో నా మాట జవదాటితే నేను ఒప్పుకోను.

ఎండలో గొడుగు లేకుండా తిరగకు తల్లీ. ముందు మా ఇంటికి రా. మీ అమ్మమ్మ ఈమధ్య రోజూ కలలో వచ్చి, వాకిట్లో చాట పట్టుకొని బియ్యం చెరుగుతూ కూర్చుంటున్నది. పిలిస్తే తల ఎత్తదు. నీ పుస్తకంలో మొదటి కలగా దాన్నే రాసుకో.

మీ తాత