సహోద్యోగి భర్త ఆఫీసు దగ్గరికొచ్చి గొడవ చేస్తున్నాడు, మేం ఏం చేయగలం?

మీ టీమ్‌లో ఒకామెను భర్త కొడుతున్నాడనీ, ఇప్పుడు ఆఫీసు గేటు దాకా వస్తున్నాడనీ, మేనేజరేమో ‘ఇంటి గొడవ కదా, కొన్నాళ్లు సెలవు పెట్టమనండి’ అంటున్నాడనీ రాశారు. దయచేసి సెలవు పెట్టించకండి. జీతం ఆగితే ఆమె ఆ ఇంట్లోంచి బయటపడే దారి మూసుకుపోతుంది. ఇలాంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగేది చాలాసార్లు ఆ ఉద్యోగం ఊడగొట్టడానికే.

నేను హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో అడ్మిన్ చూసేదాన్ని. అక్కడా ఇదే జరిగింది. మా దగ్గర పనిచేసే ఒకామె భర్త రిసెప్షన్‌కి ఫోన్ చేసి, ‘వాళ్లమ్మకి ఒంట్లో బాలేదండీ, ఈరోజు ఏ షిఫ్టు?’ అని ఎంతో మర్యాదగా అడిగేవాడు. ఎవరైనా చెప్పేస్తారు. అందుకే ముందు ఆమెతోనే మాట్లాడాం. ఎవరెవరికి చెప్పొచ్చో ఆమే చెప్పింది: రిసెప్షన్, గేటు సెక్యూరిటీ, క్యాబ్ డెస్క్. ఫ్లోర్‌లో ఇంకెవరికీ తెలియనివ్వలేదు. ఫోన్ వస్తే ఒకటే జవాబు, ‘ఉద్యోగుల వివరాలు చెప్పం సార్.’ ఉన్నారని గానీ లేరని గానీ అనకూడదు. ఆమె అడిగిన షిఫ్టే ఇచ్చాం, క్యాబ్ ఎక్కడం వెనక గేటు నుంచి. అతను ఎప్పుడు ఫోన్ చేశాడో, ఎప్పుడు వచ్చాడో తేదీ, టైముతో సహా రిజిస్టర్‌లో రాయించాం. గేటు సీసీ ఫుటేజీ చెరిగిపోకముందే కాపీ తీసిపెట్టాం. తర్వాత ఆమె లాయర్ మొదట అడిగినవి అవే.

గృహహింస చట్టం ఇంటి గడప వరకే అనుకుంటారు చాలామంది. కాదు. 2005 నాటి ఆ చట్టం 18వ సెక్షన్ కింద, ఆమె పనిచేసే చోటికి రాకూడదనీ, ఫోన్లు, మెసేజ్‌లు చేయకూడదనీ మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వొచ్చు. పరిస్థితిని బట్టి అతని వాదన వినకముందే మధ్యంతర ఆర్డర్ కూడా ఇవ్వొచ్చు. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ. దరఖాస్తు వేయడానికి, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి (ప్రొటెక్షన్ ఆఫీసర్) సాయం చేస్తారు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమనండి. ఆర్డర్ వచ్చాక ఒక కాపీ సెక్యూరిటీ దగ్గర ఉండాలి.

అతన్ని లోపలికి పిలిచి సర్దిచెబుదాం అనే పెద్దమనుషులు మీ ఆఫీసులోనూ ఉండొచ్చు. వద్దని గట్టిగా చెప్పండి. ఇక్కడ తల ఊపి వెళ్లి, ఆ కోపమంతా రాత్రికి ఆమె మీద తీర్చుకుంటాడు. గేటు దగ్గర గొడవకు దిగితే 112కి ఫోన్ చేయండి. ‘ఒక్కసారి వచ్చి మాట్లాడి పంపించెయ్’ అని ఆమెను మాత్రం కిందికి పంపకండి.