పొడి నేల ఒక్క ముక్కేనా?

ప్రశ్న: విశాఖలో గెడ్డలు (వాగులు) పొంగితే మునిగే చోట్లన్నీ మా డేటాబేస్‌లో పాలిగన్లుగా (మ్యాపు మీద గీసిన ఆకారాలుగా) ఉన్నాయి. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా నీళ్లలో దిగకుండా వెళ్లొచ్చా అన్నది ఒక్క క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) తేల్చమని మా టీమ్ లీడర్ పట్టు. ఎంత రాసినా కుదరడం లేదు. – ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: టెన్షన్ పడకండమ్మా, అది మామూలు క్వెరీ భాషకు చేతకాని పని. ఈ మాట నా సొంతం కాదు, రుజువైన సంగతే.

రెండు చోట్ల మధ్య తిన్నగా గీత గీస్తే అది మొత్తం పొడి నేల మీదే ఉంటుందా? అడగండి, చెబుతుంది. మధ్యలో ఒక మలుపు తిరిగితే? అదీ చెబుతుంది. ‘అలాంటి బిందువు ఒకటి ఉందా’ అనే షరతు చేర్చితే చాలు. రెండు మలుపులకు రెండు బిందువులు. చిక్కల్లా ఏమిటంటే, ఎన్ని మలుపులో క్వెరీ రాసేటప్పుడే చెప్పేయాలి. మీరు ఐదుకు రాసిపెడితే ఆరో మలుపు కావలసిన వాన కురుస్తుంది. మన ఊళ్లో కొండలూ గెడ్డలూ ఉన్న తీరుకు యాభై రాసినా నాకు నమ్మకం లేదు.

నేలను బిందువుల జాబితాగా కాకుండా అసమీకరణాలుగా (‘ఇది దానికంటే చిన్నది’ లాంటి షరతులుగా) దాచుకుని, వాటినే ప్రశ్నించే పద్ధతిని 1990లో కనెల్లాకిస్, కూపర్, రెవెజ్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. అంతకుముందే తర్కశాస్త్రవేత్త టార్‌స్కీ వేసిన పునాది దీనికి ఆధారం. కూడిక, గుణకారం, ‘కంటే చిన్నది’ మాత్రమే వాడి వాస్తవ సంఖ్యల మీద అడిగే ‘ఉందా’ ప్రశ్నలన్నీ తేల్చవచ్చని ఆయన చూపించాడు. లెక్కలేనన్ని బిందువులున్నా ఒక్కొక్కటీ చూడనక్కర్లేదు. ఇంత శక్తి ఉన్న భాషకూ ‘ఈ పొడి నేల ఒక్క ముక్కేనా’, అంటే ఎక్కడి నుంచి ఎక్కడికైనా తడవకుండా వెళ్లొచ్చా, అని అడగడం రాదు. ఆ మాటకొస్తే ఇచ్చిన బిందువులు సరి సంఖ్యలో ఉన్నాయా, బేసి సంఖ్యలోనా అన్నదీ రాదు. (ఎస్‌క్యూఎల్‌లో లెక్కపెట్టే కౌంట్ ఉంది కదా అనకండి. అది పక్కన తగిలించిన సదుపాయం.)

రికర్షన్ (ఒకే నియమాన్ని మళ్లీ మళ్లీ వర్తింపజేయడం) పెడదామని మీ టీమ్ లీడర్ అనవచ్చు. అందులో ఇంకో తంటా ఉంది. ‘ఒక సంఖ్య నుంచి దాని రెట్టింపుకు వెళ్లొచ్చు’ అని ఒక్క నియమం ఇచ్చి, ఎక్కడెక్కడికి చేరతామని అడగండి. 1, 2, 4, 8... అలా పోతూనే ఉంటుంది. జవాబు ఎప్పటికీ పూర్తికాదు.

చేయాల్సింది ఇది (ఎస్‌టీ_తో మొదలయ్యేవన్నీ పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాపుల డేటాబేస్‌లోని ఫంక్షన్లు). మునిగిన పాలిగన్లన్నీ యూనియన్‌తో ఒకటి చేసి, ఊరి పాలిగన్‌లోంచి ఎస్‌టీ_డిఫరెన్స్‌తో తీసేయండి. మిగిలినదాన్ని ఎస్‌టీ_డంప్‌తో ముక్కలు చేసి, రెండు చోట్లూ ఒకే ముక్కలో పడ్డాయేమో చూడండి. చూడ్డానికి ఒక్క క్వెరీయే, టీమ్ లీడర్‌కూ సంతోషం. కానీ ముక్కలు విడదీసే అసలు పని లోపలున్న జియాస్ అనే జ్యామితి లైబ్రరీది. రెండు ముక్కలు ఒక్క బిందువు దగ్గర తగిలితే వాటిని అది విడివిడిగానే లెక్కేస్తుంది. అదే మంచిది, బిందువు మీదుగా బండి పోదు కదా. ఇంకొకటి, సింహాచలం కొండ ఎక్కి దిగే దారి ఒక్కటే ఉన్నా మీ డేటాబేస్ ‘వెళ్లొచ్చు’ అనే అంటుంది. మనుషుల కోసం అడుగుతున్నట్లయితే పొడి నేల వదిలేసి రోడ్ల నెట్‌వర్క్ మీద చేయండి.

ప్రశ్న: ఫిర్యాదులను జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) 98 వార్డులకు పంచుతుంటే కొన్ని ఏ వార్డుకూ చేరడం లేదు. – ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఎస్‌టీ_కంటైన్స్ (ఆకారం లోపల బిందువు ఉందా అని చూసేది) వాడారు కదూ! ఆ ఫిర్యాదులు సరిగ్గా సరిహద్దు గీత మీద పడి ఉంటాయి. ఎగెన్‌హోఫర్ అనే పరిశోధకుడి పద్ధతిలో ప్రతి ఆకారానికీ లోపల, అంచు, బయట అని మూడు భాగాలు. రెండు ఆకారాలను పోల్చడమంటే ఈ తొమ్మిది జతల్లో ఏవి కలుస్తున్నాయో చూడడమే. కంటైన్స్ అనాలంటే లోపలి భాగాలు కలవాలి. అంచు మీది బిందువుకు ఆ అర్హత లేదు. ఎస్‌టీ_కవర్స్ (అంచునూ కలుపుకునేది) వాడితే అదే ఫిర్యాదు రెండు వార్డుల్లోనూ కనబడుతుంది. అప్పుడు చిన్న నంబరు వార్డుకు ఇవ్వండి. ఏ నియమమైనా సరే, రాసి పెట్టుకోండి.

ప్రశ్న: తీరం నుంచి 500 లోపు ప్లాట్లు అడిగితే ఊరంతా వచ్చింది! – ఓ విద్యార్థి, మధురవాడ

జవాబు: మీ డేటా డిగ్రీల్లో ఉంది. 500 డిగ్రీలంటే ఊరేమిటి, భూగోళమంతా వస్తుంది. 111తో గుణించి సర్దుకోకండి. మన దగ్గర అక్షాంశం డిగ్రీ 111 కిలోమీటర్లకు దగ్గరగా ఉన్నా రేఖాంశం డిగ్రీ 106 దగ్గరే ఆగుతుంది. 32644లోకి (మన ప్రాంతాన్ని మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి కోడ్) మార్చి మీటర్లలో అడగండి. ‘ఎస్‌టీ_డిస్టన్స్ 500 కంటే తక్కువ’ అని రాస్తే ప్రతి ప్లాటుకూ దూరం కొలుస్తూ కూర్చుంటుంది. ఎస్‌టీ_డీవితిన్ అయితే గట్‌మన్ 1984లో చెప్పిన ఆర్-ట్రీ తరహా ఇండెక్స్‌లో ముందు ఆకారాల చుట్టూ ఉన్న పెట్టెలు చూసి, దగ్గరివాటినే కొలుస్తుంది. సీఆర్‌జడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) కోసమైతే బీచ్ రోడ్డు నుంచి కాదు, సముద్రపు పోటు గీత నుంచి కొలవాలి.