అద్దం మీద గోరు పెట్టి చూశారు సరే, పైన సందు చూశారా?

షాపు కెమెరాలు, చాటుగా తీసే ఫొటోల మీద ఈసారి వచ్చిన ప్రశ్నలకు జవాబులు.

ప్రశ్న: ట్రయల్ రూమ్ అద్దం మీద గోరు ఆనిస్తే, గోరుకీ దాని ప్రతిబింబానికీ మధ్య సందు కనిపించకపోతే అవతల ఎవరో చూస్తున్నట్టేనని వాట్సాప్‌లో వచ్చింది. నమ్మవచ్చా? ఆన్‌లైన్‌లో అమ్మే కెమెరా డిటెక్టర్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

గోరు పరీక్షలో నిజం సగమే. మామూలు అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది కాబట్టి గాజు మందమంత సందు కనిపిస్తుంది. ముందువైపే పూత వేసిన అద్దాలూ ఉన్నాయి. వాటిలో సందు కనిపించదు, అయినా అవతల గోడ తప్ప ఏమీ ఉండదు. ఇంతకన్నా నమ్మదగిన పని ఒకటుంది. అటునుంచి చూడగలిగే అద్దం పనిచేయాలంటే అవతలి గది చీకటిగా ఉండాలి. అందుకే ఫోను టార్చిని అద్దానికి ఆనించి, రెండో అరచెయ్యి కళ్ల చుట్టూ అడ్డం పెట్టుకుని గాజుకు ముఖం దగ్గరగా పెట్టి చూడండి. అవతల గది ఉంటే లీలగానైనా కనిపిస్తుంది. తట్టి చూసి డొల్ల చప్పుడు వచ్చిందని మాత్రం కంగారు పడకండి. ప్లైవుడ్ పార్టిషన్ ఎక్కడ తట్టినా డొల్లగానే మోగుతుంది.

డిటెక్టర్ కొనే డబ్బు మిగుల్చుకోండి. వీటిలో ఎక్కువ భాగం రేడియో తరంగాలను పసిగట్టేవి. మెమరీ కార్డులోకి రికార్డు చేసుకునే కెమెరా ఏ తరంగాన్నీ పంపదు. 2024 ఆగస్టులో బెంగళూరులోని ఒక కాఫీ షాపు లేడీస్ టాయిలెట్‌లో దొరికింది మామూలు ఫోనే. చెత్తబుట్టలో పెట్టి, సంచికి లెన్సు పట్టేంత చిల్లు చేసి, ఫ్లైట్ మోడ్‌లో ఉంచారు. డిటెక్టర్ గానీ వైఫై స్కానర్ యాప్ గానీ దాన్ని కనిపెట్టగలిగేవి కావు. చెత్తబుట్ట వైపు అనుమానంగా చూసిన కన్నే కనిపెట్టింది.

కాబట్టి లోపలికి వెళ్లగానే ముందు పైకి చూడండి. పార్టిషన్‌కీ సీలింగ్‌కీ మధ్య ఖాళీ ఉందా? పక్క గదిలోంచి స్టూలెక్కి చెయ్యి చాపితే ఫోను ఇటు వచ్చేస్తుంది. తరవాత కింద, తలుపుకీ నేలకీ మధ్య. ఆ పైన హ్యాంగర్ కొక్కెం, పనిలేని ప్లగ్ అడాప్టర్, పొగ డిటెక్టర్, మీ వైపు తిరిగి ఉన్న అట్టపెట్టె. టార్చిని కంటి పక్కన పట్టుకుని మెల్లగా తిప్పితే లెన్సు సూదిమొనంత చుక్కలా తళుక్కుమంటుంది. చీకట్లో పనిచేసే కెమెరా అయితే లైటు తీసి ఫోను సెల్ఫీ కెమెరాలో చూడండి, ఊదారంగు చుక్క కనిపించవచ్చు. మీ ఫోనుకు ఆ శక్తి ఉందో లేదో ముందు ఇంట్లోనే టీవీ రిమోట్‌ను సెల్ఫీ కెమెరా వైపు పెట్టి, మీట నొక్కి తెలుసుకోండి. వెనక కెమెరాకు సాధారణంగా ఆ కాంతిని ఆపే ఫిల్టర్ ఉంటుంది.

ఫోను కనిపిస్తే అరవండి, మనుషుల్ని పిలవండి, మేనేజర్ చేత ఆ మనిషిని ఆపించండి, 100కో 112కో ఫోన్ చేయండి. అతని ఫోను లాక్కుని, ‘డిలీట్ చెయ్’ అని మాత్రం అనకండి. నలుగురూ చేసే తప్పు ఇదే. డిలీట్ చేయించారంటే సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చెరిపించినట్టు. ఆ వీడియోను మీ ఫోనుకు పంపించుకోనూ వద్దు. ఫోనును ఉన్నది ఉన్నట్టు పోలీసులే సీజ్ చేయాలి.

ప్రశ్న: మెట్రోలో ఒకతను ఎదురుగా నిలబడి నా ఫొటోలు తీశాడు. పోలీసు స్టేషన్‌కు వెళ్తే, ‘పబ్లిక్ ప్లేస్ కదమ్మా, కేసు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు’ అన్నారు. నిజమేనా?
– పేరు వద్దన్నారు, హైదరాబాద్

ఫొటోలో ఏముందో దాన్నిబట్టి జవాబు మారుతుంది. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 77వ సెక్షన్ (పాత ఐపీసీ 354సీ) ఏకాంతంగా ఉంటామని అనుకునే చోట స్త్రీని చూడటానికీ, ఫొటో తీయడానికీ వర్తిస్తుంది. ట్రయల్ రూమ్, టాయిలెట్ అలాంటివి. మొదటిసారి 1 నుంచి 3 ఏళ్లు, మళ్లీ చేస్తే 3 నుంచి 7 ఏళ్లు. మెట్రోకు ఇది సరిపోదు, అంతవరకు ఆ పోలీసు చెప్పింది నిజమే.

అయితే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఉంది. శరీరంలోని గుప్తభాగాల చిత్రం అనుమతి లేకుండా తీస్తే, మనిషి ఉన్నది బహిరంగ ప్రదేశమైనా సరే అది నేరం. ఎస్కలేటర్ మీద కింది నుంచి ఫోను పెట్టడం దీని కిందికి వస్తుంది. 3 ఏళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది ఆడా మగా అందరికీ వర్తిస్తుంది. ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్, అంతకు పైస్థాయి అధికారే దర్యాప్తు చేయాలి కాబట్టి స్టేషన్‌లో నేరుగా ఇన్‌స్పెక్టర్‌నే కలవండి.

పూర్తి బట్టల్లో మామూలుగా కూర్చున్న మనిషి ఫొటో విషయంలోనే చట్టం బలహీనం. ఉత్త ఫొటో ఒక్కటికి అతికే సెక్షన్ లేదు. వెంటపడితే బీఎన్ఎస్ 78, మర్యాదకు భంగం కలిగించాలనే ఉద్దేశంతో ఏకాంతంలోకి చొరబడితే 79. 2025 మేలో బెంగళూరు మెట్రోలో ఆడవాళ్లను చాటుగా తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న ఖాతా మీద ఐటీ చట్టం 67 (ఆన్‌లైన్‌లో అశ్లీలం పెట్టడం), బీఎన్ఎస్ 78 కింద కేసు పెట్టారు, ఒకరిని అరెస్టూ చేశారు. అక్కడ కేసును నిలబెట్టింది ఫొటో తీయడం కన్నా, దాన్ని పెట్టిన తీరు.

మీ విషయంలో ఇప్పుడు చేయాల్సింది: రైలు ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్, సమయం, కోచ్ ఎటువైపుదో కాగితం మీద రాయండి. ఆ సమయపు సీసీటీవీ రికార్డింగ్ దాచి ఉంచమని మెట్రో స్టేషన్ కంట్రోలర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. కెమెరా కొత్తది పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది, మీ కోసం ఆగదు. ఫిర్యాదును షీ టీమ్స్‌కు ఇవ్వండి. పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. ఫొటో నెట్‌లో కనిపిస్తే 1930కి గానీ జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ. స్క్రీన్‌షాట్‌లో ఖాతా పేరు, తేదీ, లింకు పడేలా చూసుకోండి, బొమ్మ ఒక్కటే ఉంటే ఉపయోగం తక్కువ.

ప్రశ్న: మాది చీరల షాపు, 8 కెమెరాలున్నాయి. పోలీసులు 20 రోజుల కిందటి రికార్డింగ్ అడిగితే డీవీఆర్‌లో (కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టెలో) ఆ తేదీయే లేదు. నెల రోజులు వస్తుందని 4 టీబీ డిస్క్ వేశారు. ఎక్కడ పోయింది?
– ఒక వ్యాపారి, తెనాలి

ముందు లెక్క వేద్దాం. 2 మెగాపిక్సెల్ కెమెరా, హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి), సెకనుకు 2 మెగాబిట్లు అనుకుంటే రోజుకు 21.6 జీబీ. 8 కెమెరాలకు సుమారు 173 జీబీ, 30 రోజులకు 5.2 టీబీ. 4 టీబీలో 23 రోజులే పడతాయి. పాత హెచ్.264 సెట్టింగులో 4 మెగాబిట్లు నడుస్తుంటే 11 రోజులు. 6 టీబీ సర్వైలెన్స్ డిస్క్ వేయించండి, లేదా సెకనుకు తీసే ఫ్రేములు 25 నుంచి 15కు దించి, ఆ మేరకు బిట్‌రేటూ (సెకనుకు రాసే మెగాబిట్లు) తగ్గించండి. మోషన్ రికార్డింగ్ (కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయడం) పెడితే స్థలం మిగులుతుందంటారు గానీ, మీ షాపులో ఫ్యాను గాలికి ఊగే చీర కొంగు కూడా దానికి మోషనే. ఒకేసారి వందమంది, అంతకన్నా ఎక్కువ వచ్చే చోట్ల 30 రోజుల రికార్డింగ్ ఉంచాలని 2013 ప్రజా భద్రత చట్టం చెబుతుంది, ఇది రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

20 రోజులకు లెక్క సరిపోతున్నా తేదీ లేదంటే అనుమానం గడియారం మీద. డీవీఆర్ బోర్డు మీద సాధారణంగా రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎప్పటికో వెనక్కి వెళ్తుంది, రికార్డింగ్ ఆ తప్పు తేదీ కిందికి చేరుతుంది. తేదీని ముందే సరిచేయకండి. డీవీఆర్ తెర మీది సమయం, మీ ఫోను గడియారం ఒకే ఫొటోలో పడేలా తీసి, తేడా రాసుకుని, అప్పుడు వెనక తేదీల్లో వెతకండి. దొరికాక డీవీఆర్ సొంత ఫార్మాట్‌లోనే, ప్లేయర్‌తో సహా పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. తెరను ఫోనుతో వీడియో తీసి ఇస్తే కోర్టులో చిక్కు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో పాటు ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి సంకేతం) కూడా అడుగుతారు.

ఇంకొక పని. మానిటర్ ముందు ఒకరిని కూర్చోబెట్టి, మీరు ట్రయల్ రూమ్‌లో నిలబడి చెయ్యి పైకెత్తండి. నడవలో కెమెరాకు వేళ్లు కనిపించినా దాన్ని తిప్పండి, లేదా మెనూలో ప్రైవసీ మాస్క్ పెట్టి ఆ భాగం నల్లగా కప్పండి. ఎదుటి గోడ నిలువుటద్దంలో లోపలి ప్రతిబింబం పడుతోందేమో కూడా చూడండి, దీన్ని కెమెరా పెట్టినవాడు చూడడు. పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఈ రోజే మార్చండి, ఇన్‌స్టలేషన్ చేసినవాడి ఫోనులో యాప్ అనుమతి తీసేయండి. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చాయి. వాటిలో ఉన్నది పరీక్షకు వచ్చిన గర్భిణులు.

ప్రశ్న: బిల్లు కట్టాకే బయటికొస్తుంటే గేటు మోగింది. సెక్యూరిటీ బ్యాగు విప్పమన్నాడు. విప్పాలా?
– విశాఖపట్నం

సాధారణంగా కారణం బిల్లింగ్ కౌంటర్‌లోనే ఉంటుంది. వస్తువుకు అంటించిన దొంగతనం నిరోధక లేబుల్‌ను కౌంటర్ ప్యాడ్ మీద సరిగా రుద్దకపోతే అది నిద్రపోదు, అంటే పనిచేయడం ఆపదు. వేరే షాపులో కొన్న చొక్కా లోపల కుట్టిన ట్యాగ్‌కు కూడా గేటు మోగుతుంది. బిల్లు చూపించి, వస్తువులు ఒక్కొక్కటిగా గేటు దాటించి చూడమనండి, ఏది మోగిందో తేలిపోతుంది. సెక్యూరిటీకి సోదా చేసే అధికారం లేదు. నిజంగా దొంగతనమని అనుమానిస్తే పోలీసులను పిలవమనండి, వాళ్లొచ్చేదాకా మేనేజర్ ఎదురుగానే, కెమెరా కనిపించే చోట నిలబడండి.