మీ నాయన తూలిపడకుండా

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

అబ్బయ్యా, నాయన నడుస్తూ తూలుతున్నాడు, వయసైపోయింది, ఇక గడప దాటనివ్వనని నువ్వు ఫోన్లో అన్న మాట నాకు నచ్చలేదు. ఆ తూలడం వయసుది కాదు, షుగర్‌ది. ఇంట్లో కూర్చోబెడితే కాళ్ళలో ఉన్న కాస్త సత్తువా పోతుంది. నర్సుగా పనిచేసినన్నాళ్ళూ నేను చూసింది అదే.

మొన్న పండక్కి మీ ఇంటికొచ్చినప్పుడు గమనించాను. వాకిట్లో కుడికాలి చెప్పు ఊడి వెనకే ఉండిపోయింది. మీ నాయన ఒట్టికాలితో కుళాయి దాకా నడిచాడు. నేను పిలిచి చెబితే గానీ తెలియలేదు. అక్కడ ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూశాడో లేదో, ముందుకు ఒరిగి గోడ పట్టుకున్నాడు.

మనం నిలబడాలంటే మెదడుకు మూడు వైపుల నుంచి కబురు అందాలి. కళ్ళు, లోపలి చెవి, పాదాలు. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నటి నాళాలూ దెబ్బతింటాయి. పాదాలకు వెళ్ళే నరాలే అన్నిటికన్నా పొడుగు కాబట్టి మొద్దుబారడం కాలివేళ్ళ దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. బరువు మడమ మీద పడుతోందా, వేళ్ళ మీద పడుతోందా అన్నది సరిగా తెలియదు. ఒళ్ళు కాస్త ఒరగ్గానే చీలమండ సర్దుకోవాలి కదా, అదీ ఆలస్యమవుతుంది. అందుకే మీ నాయన కాళ్ళు ఎడంగా వేసి, నేల చూస్తూ నడుస్తున్నాడు. పాదాలు చెప్పాల్సింది కళ్ళతో తెలుసుకుంటున్నాడు. చీకటి పడితే ఆ ఆధారమూ పోతుంది. కాబట్టి రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష కూడా చేయించు, చూపు తగ్గితే పగలు కూడా ఇదే పరిస్థితి.

డాక్టర్ దగ్గర షుగర్ ఎంతుందో చూపించుకుని, మందులు రాయించుకుని వచ్చేయకండి. పాదాలు చూడమని అడుగు. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుతో స్పర్శనీ, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ అనే కంపించే కడ్డీతో అదురునీ చూసే పరీక్షలకు పెద్ద సమయం పట్టదు. బీపీ పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే, మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరగడానికి కారణం అదే కావచ్చు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు, దానివల్ల కూడా నరాలు దెబ్బతింటాయి. ఆ పరీక్షా చేయించండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఇక అసలు పని ఇంట్లోనే. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, కానీ ఒంటిని నిలబెట్టుకునే నేర్పు సాధనతో పెరుగుతుంది. పాదాల మీద పుండు లేకపోతేనే ఇవి చేయించు. వంటింటి గట్టు పట్టుకుని రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడమను. అది అలవాటయ్యాక ఒక పాదం సగం ముందుకు, ఆ తర్వాత ఒకదాని ముందు ఒకటి. మునికాళ్ళ మీద మెల్లగా లేచి, మెల్లగా దిగాలి. గట్టి కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవాలి. ఆ కాసేపూ నువ్వు పక్కనే ఉండు, ఫోన్ చూసుకుంటూ కాదు. కళ్ళు మూసుకుని చేయడం మాత్రం వద్దు. ఒక్కసారి ఫిజియోథెరపిస్టుకి చూపిస్తే ఎంతవరకు పోవచ్చో చెబుతారు.

పొలానికి పోనివ్వు. కానీ వెలుతురు ఉన్నప్పుడే, చేతికర్రతో, తడి గట్ల మీదికి కాకుండా. రాత్రిపూట మోటారు వేయడానికి నువ్వు వెళ్ళు. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్, మంచం నుంచి అక్కడిదాకా చిన్న బల్బు ఈ వారమే పెట్టించు. జారే పట్టాలు తీసేయి. హవాయి చెప్పులు మానిపించి, వెనక పట్టీ ఉన్న ఎమ్‌సీఆర్ చెప్పులు (షుగర్ ఉన్నవాళ్ళు వేసుకునే ప్రత్యేక రబ్బరువి) కొను. మరీ మెత్తటి అట్ట ఉంటే నేల ఇంకా తెలియదు. మధ్యాహ్నం ఎండలో రంగనాథస్వామి గుడి బండల మీద ఒట్టికాళ్ళతో నడవనివ్వకు, కాలినా తెలియదు. తిమ్మిర్లకు వేడినీళ్ళ కాపడమూ వద్దు. రోజూ రాత్రి అరికాళ్ళు నువ్వే చూడు.

ఒక్కసారిగా తూలి, మూతి వంకరపోయినా, మాట తడబడినా ఇదంతా ఆలోచించొద్దు, 108కి ఫోన్ చెయ్యి. చెమటలు పట్టి వణుకుతూ తూలితే మెషీన్‌తో షుగర్ చూడు. 70 కంటే తక్కువుంటే వెంటనే గ్లూకోజ్ గానీ, చక్కెర నీళ్ళు గానీ తాగించు.

డాక్టర్ చీటీలన్నీ ఫొటోలు తీసి పంపించు, చూసి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
అత్తయ్య