వాగ్దాన కార్డు చూసి ఫ్లాట్ కొనొచ్చా?

ప్రశ్న: సార్, మేం బెంగళూరు కేఆర్ పురంలో అద్దెకుంటున్నాం, రెంట్ 24,000. మా ఆయన జీతం చేతికి 1,05,000, పాప పుట్టాక నేను జాబ్ మానేశా. జనవరి 1 రాత్రి చర్చిలో ఏడాదికి వాగ్దానంగా ఒక్కో బైబిల్ వచనం రాసిన కార్డు ఇస్తారు, మాకు వచ్చింది యెహోషువ 1:3, "మీరు అడుగుపెట్టు ప్రతి స్థలమును మీకిచ్చుచున్నాను". ఆ వారమే వైట్‌ఫీల్డ్ అవతల 88 లక్షల ఫ్లాట్ చూశాం, ఇది దేవుడు చూపించిందేనని మా ఆయన లక్ష టోకెన్ కట్టేశారు. సేవింగ్స్ 16 లక్షలు, 70 లక్షలు హోమ్ లోన్, తగ్గింది పర్సనల్ లోన్ అంటున్నారు. భయంగా ఉందంటే నీకు విశ్వాసం లేదంటారు. ఈఎంఐ కోసం దశమభాగం (చర్చికిచ్చే జీతంలో పదో వంతు) తగ్గించొచ్చా? గుంటూరులో మా మరిది షాపు లోన్‌కి షూరిటీ కూడా అడుగుతున్నాడు.

జవాబు: సిస్టర్, ముందు మీ భయం సంగతి. లెక్క చూసి భయపడితే అది అవిశ్వాసం అయిపోదండి. మత్తయి 4లో సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు వాడు చూపించింది కూడా వాక్యమే, 91వ కీర్తన, దూతలు పట్టుకుంటారని రాసుంది కదా అన్నాడు. ఆయన దూకలేదు, నీ దేవుణ్ణి శోధించకూడదు అనే ఇంకో వాక్యం చెప్పి ఆగిపోయాడు, అది ద్వితీయోపదేశకాండం 6:16లో ఉంది. అందుకని ఆగి చూద్దాం అన్నందుకు మిమ్మల్ని ఎవరూ తక్కువ చెయ్యక్కర్లేదు.

మీ ఆయనతో వాదన పెట్టుకోకండి, ఇద్దరూ కూర్చుని యెహోషువ 1వ అధ్యాయం మొత్తం చదవండి. 3వ వచనం మోషే చనిపోయాక దేవుడు యెహోషువకి చెప్పిన మాట, దాని కిందే 4లో ఆ స్థలం హద్దులు కూడా ఉన్నాయి, అరణ్యం, లెబానోను, యూఫ్రటీసు నది అని. మనకి అందులో ఏమీ లేదని నేననను, దేవుడు మాటిస్తే నిలబెట్టుకుంటాడని చెప్పే వచనం అది, ఆ ధైర్యంతో ఏడాదంతా బతకొచ్చు, కానీ ఏ ఫ్లాట్ కొనాలి ఎంత లోన్ తీసుకోవాలి అనేది అందులో వెతికితే దొరకదు. అదే అధ్యాయం 8వ వచనం చూడండి, ధర్మశాస్త్రాన్ని రాత్రింబగళ్ళు ధ్యానించమని ఉంది. యెహోషువకి దేవుడు ఒక్క వచనం ఇచ్చి పంపలేదు, గ్రంథం మొత్తం చేతిలో పెట్టాడు. బైబిల్ ప్రకారం నిర్ణయాలు తీసుకోవడం అంటే నాకు అర్థమైంది ఇదే, అప్పు, పని, కుటుంబం, బీదవాళ్ళు, పన్నులు, వీటి గురించి అది మొదటినుంచి చివరిదాకా ఏం చెప్తోందో మనలోకి ఇంకేదాకా చదవడం, అప్పుడు ఏ వచనంలోనూ పేరు పెట్టి రాయని విషయం ఎదురొచ్చినా ఎటు నడవాలో తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క. లూకా 14:28లో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కేసుకోడా అని అడిగింది యేసే, చర్చిలో లెక్కల మాటెత్తితే చిన్నచూపు చూసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. 70 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్ళు అనుకుంటే ఈఎంఐ 60,750 దాకా వస్తుంది, మొత్తం కట్టేది దాదాపు 1.46 కోట్లు. పైన 18 లక్షలు మీరు పెట్టాలి, స్టాంప్ డ్యూటీ, సెస్సులు, రిజిస్ట్రేషన్ కలిపి ఇంకో ఆరున్నర లక్షల పైనే, అది బ్యాంకు ఇవ్వదు, కాబట్టి మీ 16 లక్షలు పోను తగ్గేది దాదాపు 9 లక్షలు. దాన్ని పర్సనల్ లోన్‌గా 13 శాతానికి ఐదేళ్ళకి తీసుకుంటే నెలకి ఇంకో 20,500. జీతంలోంచి ఈ రెండూ పోతే మిగిలేది 24,000 లోపే, దశమభాగం 10,500 తీస్తే పదమూడు వేల చిల్లర, అందులో మెయింటెనెన్స్, పాప పాలు, డాక్టరు, కూరలు, ఇంటికి పంపే డబ్బులు. ఒక్క నెల జాబ్ పోతే? సేవింగ్స్ అంతా అప్పటికే ఫ్లాట్‌లో పెట్టేసి ఉంటారు. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడు అని సామెతలు 22:7లో ఉన్నది ఇలాంటి పరిస్థితే.

నా సలహా ఈ ఫ్లాట్ వదిలేయండి. మూడేళ్ళు అద్దెలోనే ఉండి నెలకి 30,000 పక్కన పెట్టండి, వడ్డీ కలపకుండానే ఇప్పుడున్న 16తో కలిపి 27 లక్షల దగ్గరకి వస్తుంది, అందులో ఆరు నెలల ఇంటి ఖర్చు ముట్టుకోకుండా ఎఫ్‌డీలో ఉంచండి. అప్పుడు 60 లక్షల్లోపు ఇల్లు, 40 లక్షల లోన్, ఈఎంఐ 35,000 లోపు, ఇది మీ జీతం మోయగలదు. ఈలోగా మీరు మళ్ళీ జాబ్‌లో చేరితే ఇంకా ముందే కావచ్చు.

టోకెన్ వెనక్కి ఇవ్వమని బిల్డర్‌కి ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, మెయిల్ పెట్టండి. ఇంకేమీ కట్టొద్దు, సంతకం పెట్టొద్దు, ఆఫర్ ఈ ఆదివారంతో అయిపోతుందన్నా సరే. ఒకవేళ లక్ష రాకపోయినా దానికోసం 80 లక్షల అప్పులోకి వెళ్ళకండి. తొందరపడి మాటిస్తే ఏమవుతుందో యెహోషువ 9లో ఉంది, గిబియోనీయులు ఎండిపోయిన రొట్టెలు చూపించి దూరదేశం నుంచి వచ్చామంటే ఇశ్రాయేలు పెద్దలు దేవుణ్ణి అడక్కుండానే ప్రమాణం చేశారు, మూడు రోజులకి వాళ్ళు పక్క ఊరివాళ్ళే అని తెలిసింది, అయినా ప్రమాణం వెనక్కి తీసుకోలేకపోయారు. తర్వాత ఎప్పుడు కొన్నా కర్ణాటక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ఎ-ఖాతా (ఆస్తి సక్రమమని చూపే మున్సిపల్ రికార్డు), ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) లాయర్‌కి చూపించాకే ముందుకెళ్ళండి, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి అడ్వాన్స్ తీసుకునే హక్కు బిల్డర్‌కి రెరా చట్టంలో లేదు.

దశమభాగం తగ్గించకండి అనే నేను చెప్తా, ఎందుకంటే మీకు దాన్ని తగ్గించాల్సిన అవసరం తెచ్చింది ఆ ఫ్లాటే, అది లేకపోతే ఈ ప్రశ్నే లేదు. కానీ క్రెడిట్ కార్డు గీకి, అప్పు తెచ్చి కానుక ఇచ్చే పని కూడా వద్దు, 2 కొరింథీ 8:12లో లేనిదాన్నిబట్టి కాదు, ఉన్నదాన్నిబట్టే అని ఉంది. (ట్యాక్స్ మిగులుతుందేమో అని లెక్కలోకి తీసుకోకండి, కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో విరాళాలకి పన్ను మినహాయింపు లేదు.)

షూరిటీ మాత్రం వద్దండి. సామెతలు 6లో ఇప్పటికే ఇరుక్కున్నవాడు నిద్ర కూడా పోకుండా వెళ్ళి బతిమాలుకుని బయటపడమని ఉంది, అంత గట్టిగా చెప్తుంది బైబిల్. చట్టం కూడా అంతే, 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం అప్పు తీసుకున్నవాడి మీద ఎంత బాధ్యత ఉందో షూరిటీ మీదా అంతే, మరిది కట్టకపోతే బ్యాంకు నేరుగా మీ ఆయన దగ్గరకే వస్తుంది, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తున్నారో చూపే మార్కు) పోతే మీ ఇంటి లోన్ కూడా పోతుంది. ఈ మాట మీ ఆయనే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాలి, వదిన వద్దంది అన్న పేరు మీ మీదకి రానివ్వకండి. అతనికి నిజంగా సాయం కావాలంటే తిరిగి రాకపోయినా మీ ఇల్లు కదలనంత డబ్బు, ఓ 50,000 అనుకోండి, ఇద్దరూ మాట్లాడుకుని అప్పుగా కాకుండా ఊరికే ఇచ్చేయండి.