మా ఆయన కెనడాలో పుట్టారు. ఆయన ముత్తాత పదేళ్లప్పుడు ఇంగ్లండ్ నుంచి కెనడాకి ఒంటరిగా ఎందుకొచ్చాడు?

బహుశా ఆయన ‘హోమ్ చైల్డ్’ అయ్యుంటారండి. 1869 నుంచి 1930ల దాకా బ్రిటన్‌లోని ఆశ్రమాలు లక్షమందికి పైగా పిల్లల్ని ఓడలెక్కించి కెనడా పంపాయి, మగపిల్లలు పొలంపనికి, ఆడపిల్లలు ఇంటిపనికి. అందరూ అనాథలనుకుంటాం గానీ చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు, లేమి వల్ల పెంచలేకపోయారంతే. వెంట ఒక చెక్కపెట్టె, అందులో బట్టలు, ఒక బైబిలు. కొందర్ని సొంతబిడ్డల్లా చూసుకున్నారు, కొందరు దెబ్బలు తిన్నారు, ఆ బాధ చాలామంది కన్నపిల్లలకి కూడా చెప్పుకోలేదు, మీ ఇంట్లో ఎవరికీ తెలియకపోవడానికి కారణం అదే కావచ్చు.

లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వెబ్‌సైట్‌లో ఈ పిల్లల పేర్లు, పాత జనగణన ఉచితంగా వెతకొచ్చు. జనగణనలో ఏదో రైతు కుటుంబం కింద, వేరే ఇంటిపేరుతో, ‘పనివాడు’ అని రాసిన చిన్నపిల్లాడి కోసం చూడండి.