70ల ప్రోగ్ రాక్ కీబోర్డ్ శబ్దాలు కొత్త సింథ్‌లో ఎలా తెప్పించాలి?

మీరు అడిగింది ఇదీ: 61 కీల కొత్త సింథ్ (సింథసైజర్ కీబోర్డ్) కొన్నారు. ఆర్గాన్ ప్రీసెట్ తీస్తే చర్చిలా, స్ట్రింగ్స్ తీస్తే సినిమా రీరికార్డింగ్‌లా వినిపిస్తోంది. 70ల ప్రోగ్రెసివ్ రాక్ కీబోర్డిస్టులు కీత్ ఎమర్సన్, రిక్ వేక్‌మన్ వాయించిన ఆ గరుకు రావట్లేదు. ఏ సౌండ్ ప్యాక్ కొనాలి?

ఏదీ కొనకండి. నేను ఒకటి కొన్నాను, తేడా ఏమీ రాలేదు. ప్యాక్ తప్పు కాదు, నా సింథ్ సెట్టింగులది. వాళ్ల వాయిద్యాలు హమ్మండ్ (విద్యుత్ ఆర్గాన్), మెలోట్రాన్ (టేపుతో పలికే కీబోర్డ్), మినీమూగ్ (పాత అనలాగ్ సింథ్). ఈ మూడింటికీ చేతకాని పనులు కొన్ని ఉన్నాయి. మీ సింథ్ అవన్నీ చక్కగా చేసేస్తుంది. కాబట్టి ఒక్కొక్కటే ఆపేస్తూ రావాలి.

మొదట ఆపాల్సింది వెలాసిటీ, అంటే కీ కొట్టే బలాన్ని బట్టి శబ్దం మారడం. ఆ మూడింటిలో ఏదీ మీరు కీని ఎంత గట్టిగా కొట్టారో పట్టించుకోదు. బంజారాహిల్స్‌లో ఒక చిన్న కెఫేలో వాయించేటప్పుడు నేను ఈ సంగతి మర్చిపోయాను. నెమ్మదైన చోట వేళ్లు వాటంతట అవే మెత్తబడ్డాయి, డ్రమ్స్ కింద నా స్ట్రింగ్స్ మాయం! మా తాతగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. అందులోనూ కీని ఎంత నొక్కినా ఒరిగేదేం లేదు, బలమంతా తిత్తి ఊదే చేతిదే. హమ్మండ్‌లో ఆ పని కాలు చేస్తుంది. అందుకే ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో శబ్దం పెంచే, తగ్గించే పెడల్) తప్పనిసరి. సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే వైరింగ్ మీ సింథ్‌కి సరిపోతుందో లేదో చూసుకోండి, అన్ని కంపెనీలదీ ఒకే రకం కాదు. నాది తిరగబడి ఉంటే, కోఠి గుజరాతీ గల్లీలో స్టీరియో జాక్ కొని రెండు వైర్లు మార్చి సోల్డర్ చేసుకున్నాను.

ఇక హమ్మండ్. శాంపిల్ (రికార్డు చేసి పెట్టిన శబ్దం) వదిలేయండి. మీ సింథ్‌లో ఎనిమిది ఆపరేటర్ల (సైన్ తరంగాలు పుట్టించే భాగాల) ఎఫ్‌ఎం పద్ధతి ఉంటే అదే మంచిది. హమ్మండ్ శబ్దం దాదాపు సైన్ తరంగాల కలయికే. ఎనిమిది ఆపరేటర్లూ నేరుగా వినిపించే ఆల్గరిథమ్ తీసుకుని నిష్పత్తులు వరుసగా 0.5, 1.5, 1, 2, 3, 4, 5, 6 పెట్టండి. హమ్మండ్‌లో డ్రాబార్లు (ఒక్కో హార్మోనిక్ ఎంత వినపడాలో పెట్టే లాగుడు మీటలు) తొమ్మిది కదా, ఇంకోటేది అంటారేమో. హమ్మండ్ బి-3 మోడల్‌లో పర్‌కషన్ (కీ కొట్టగానే పలికి ఆగిపోయే చిన్న దెబ్బ) ఆన్ చేస్తే తొమ్మిదో డ్రాబార్ ఎలాగూ మూగబోతుంది! మొదటి మూడూ పూర్తిగా లాగి, మిగతావి సున్నా చేసి మొదలుపెట్టండి. ఎటాక్ (శబ్దం పైకి లేవడానికి పట్టే సమయం) సున్నా ఉండాలి, కీ నొక్కగానే వచ్చే ఆ చిన్న 'టిక్' పోగొట్టకండి.

పర్‌కషన్‌కి నేను వాడే చిట్కా: మూడో హార్మోనిక్ ఒక్కటే ఉన్న లేయర్, మోనో (ఒకసారికి ఒక్క స్వరమే), లెగాటో (కీలు కలిపి వాయిస్తే మళ్లీ మొదలవకుండా), చటుక్కున ఆగిపోయే డికే. అసలు హమ్మండ్‌లో కీలన్నీ వదిలి మళ్లీ కొడితేనే పర్‌కషన్ పలుకుతుంది, లెగాటో వల్ల ఇక్కడా అంతే. కాకపోతే అక్కడ కార్డ్ మొత్తానికి వస్తుంది, ఇక్కడ ఒక్క స్వరానికే. బ్యాండ్‌లో ఎవరికీ తెలియదు.

లెస్లీ స్పీకర్ (హమ్మండ్‌కి తగిలించే తిరిగే స్పీకర్) లేకపోతే ఇదంతా బొమ్మ పియానోలా ఉంటుంది. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు నోరు పెట్టి 'ఆ...' అన్నారుగా, అదే సూత్రం. పైన హారన్, కింద బాస్ డ్రమ్ విడివిడిగా తిరుగుతాయి. హారన్ సెకనులోనే వేగం అందుకుంటుంది, బరువైన డ్రమ్‌కి ఇంకొన్ని సెకన్లు పడుతుంది. రోటరీ ఎఫెక్ట్‌లో ఈ రెంటి యాక్సిలరేషన్ వేరువేరుగా పెట్టండి, వేగం మార్చడం మాడ్ వీల్‌కి ఇవ్వండి. ఇంకోటి, డిస్టార్షన్ రోటరీకి ముందు రావాలి. లెస్లీలో ఆంప్లిఫయర్ దాటాకే శబ్దం తిరిగే స్పీకర్‌కి చేరుతుంది. చాలా ప్రీసెట్లలో ఈ వరుస తిరగబడి ఉంటుంది. నాకు ఇది కుదిరిన రాత్రి మా అమ్మ గదిలోకి వచ్చి, ఫ్యాన్‌లో ఏమైనా ఇరుక్కుందా అని అడిగింది. అంతకంటే మెచ్చుకోలు ఏం కావాలి!

మెలోట్రాన్‌లో ప్రతి కీ కింద ఒక టేపు ముక్క ఉంటుంది, దాదాపు ఎనిమిది సెకన్లకు అయిపోతుంది. 1970లో వచ్చిన ఎం400లో కీలు 35 మాత్రమే. కాబట్టి పెద్ద ఆర్కెస్ట్రా స్ట్రింగ్స్ వద్దు, చిన్న వయొలిన్ సెక్షన్ తీసుకోండి. కోరస్, స్టీరియో తీసేయండి. పిచ్‌కి రెండు మూడు సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) నెమ్మదైన, క్రమం తప్పిన వణుకు ఇవ్వండి. నేనైతే 6 కిలోహెర్ట్జ్ పైనదంతా కోసేస్తాను. ఎన్వలప్‌ని (శబ్దం లేచి ఆరిపోయే తీరుని) ఎనిమిది సెకన్లకు ఆరిపోయేలా పెట్టుకుంటే, కార్డ్‌ని పట్టుకు కూర్చోకుండా వేళ్లు ఒక్కొక్కటే ఎత్తి ఇన్వర్షన్ (కార్డ్‌లో స్వరాల వరుస) మార్చడం తప్పనిసరవుతుంది. పాతవాళ్ల పద్ధతీ అదే.

మినీమూగ్ సులువు. మూడు సాటూత్ (రంపపు పళ్ల ఆకారం) తరంగాలు, రెండోదానికి మూడు నాలుగు సెంట్ల తేడా, మూడోది ఒక ఆక్టేవ్ కింద, 24 డీబీ లో పాస్ ఫిల్టర్, మోనో, కొంచెం గ్లైడ్. ఒక్కటి మాత్రం చూసుకోండి. మినీమూగ్‌లో రెండు కీలు కలిపి నొక్కితే కింది స్వరమే పలుకుతుంది. కొత్త సింథ్‌లలో మామూలుగా చివర నొక్కింది పలుకుతుంది. ఆ సోలోలు రికార్డులో విన్నట్టే వాయించినా ఎక్కడో తేడా కొడుతోందంటే అందుకే. నోట్ ప్రయారిటీ అనే ఆప్షన్ వెతకండి. మెనూలో కనబడకపోతే మీ మోడల్ పేరు కింద రాయండి, చూసి చెప్తాను.